నీ ఏనుగు గురించి, కోడలు పిల్లా

కోడలు పిల్లా,

కంప్యూటర్‌లో నువ్వు చేసిన బొమ్మ ఏనుగు చూశాను. వాట్సాప్‌లో పంపిన నాలుగు రెండర్లూ (ఫోటోల్లా కనిపించే కంప్యూటర్ చిత్రాలు) మీ అత్తకి చూపిస్తే "అచ్చం కొట్లో బొమ్మలా ఉందండీ, ఎంతకి అమ్ముతుందట?" అని అడిగింది. అంత బాగుంది. కానీ నువ్వు పంపిన ఫైలు తెరిచి చూస్తే నీ ఏనుగు ఎత్తు 4.2 మీటర్లు అని చూపించింది. మన అడవుల్లో తిరిగే అసలు ఏనుగే మూడు మీటర్లు దాటడం అరుదు తల్లీ! అదే ఫైలుని ఎస్‌టీఎల్ (ప్రింటర్‌కి ఇచ్చే ఫైలు రకం) చేసి త్రీడీ ప్రింటర్‌కి ఇస్తే మాత్రం 4.2 మిల్లీమీటర్ల ఏనుగు వస్తుంది, చీమంత. ఎందుకంటే ఎస్‌టీఎల్‌లో అంకెలే ఉంటాయి, అవి మీటర్లో మిల్లీమీటర్లో రాసి ఉండదు, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ మామూలుగా మిల్లీమీటర్లే అనుకుంటుంది. దీనికి టెన్షన్ పడకు, బ్లెండర్ (నువ్వు ఏనుగు చేసిన సాఫ్ట్‌వేర్) మొదలుపెట్టిన ప్రతివాళ్ళకీ ఒకసారి అవుతుంది. నాకు రెండుసార్లు అయింది. కొత్త ఫైలు తెరవగానే యూనిట్లు మార్చుకోవడం అలవాటు చేసుకో, దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

నువ్వు అడిగినవి రెండు. ముప్పై వేలు కట్టి ఆ ఆన్‌లైన్ కోర్సులో చేరనా అన్నావు. ఇప్పుడే వద్దు. బ్లెండర్ ఉచితం, పాఠాలు యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి. ఆ డబ్బులో కొంచెం పెట్టి ఒక డిజిటల్ వెర్నియర్ కాలిపర్ (మందం, లోపలి వెడల్పు కొలిచేది), రెండు ఉలులు, ఒక ఆకురాయి కొనుక్కో, మిగతాది మీ అమ్మకి తిరిగి ఇచ్చెయ్. ఇక ముందు కంప్యూటర్ నేర్చుకోవాలా, చెక్కపని నేర్చుకోవాలా అన్నావు చూడు, దానికి జవాబు చెప్పాలంటే నా బాతు సంగతి చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక బాతు గీశాను. చక్రాల మీద పోయే తల్లి బాతు, గుడ్డులాంటి ఒళ్ళు, గోళీలాంటి తల, మధ్యలో సన్నటి మెడ. ఆ మెడ మందం 6 మిల్లీమీటర్లు. స్క్రీన్ మీద చూస్తే ఎంత నాజూగ్గా ఉండేదో. డ్రాయింగ్ పట్టుకుని లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాకలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కాగితం చూశాడు, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు, ఏమీ అనకుండా పక్కన పెట్టాడు. వారం తర్వాత వెళ్తే బాతు తయారుగా ఉంది, మెడ కొలిస్తే 11 మిల్లీమీటర్లు. నాకు ఒళ్ళు మండింది. చదువుకున్నవాణ్ణి కదా, "డ్రాయింగ్‌లో ఎంతుంటే అంతే చెయ్యాలి" అని గట్టిగానే అన్నాను. సరే బాబూ అని నా కళ్ళ ముందే మళ్ళీ అంకుడు కర్ర ఎక్కించి తరిణె (కర్రని తిప్పే లేత్) పట్టాడు. ఉలితో 6 మిల్లీమీటర్లకి తెచ్చాడు, బ్రహ్మాండంగా వచ్చింది. రంగు లక్క కడ్డీ తీసి తిరుగుతున్న మెడ మీద ఆనించాడు. టప్‌మని విరిగి తల వెళ్ళి గోడకి కొట్టుకుంది. "లక్క నొక్కితేనే కదా బాబూ కరిగేది" అన్నాడు, అంతే.

అక్కడ లక్కని పొయ్యి మీద కరిగించి బ్రష్‌తో పూయరు. కర్ర వేగంగా తిరుగుతుంటే కడ్డీని దాని మీద నొక్కిపట్టాలి, ఆ రాపిడికి పుట్టే వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది, తర్వాత ఎండిన మొగలి ఆకు పెట్టి రుద్దితే ఆ నున్నదనం వస్తుంది. ఆ నొక్కుడికి ఆగాలంటే మెడకి బలం ఉండాలి. నా స్క్రీన్ మీద నొక్కుడు అనేదే లేదు. ఆయన చేసిన ఆ 5 మిల్లీమీటర్ల మార్పులో నా డిగ్రీలో చెప్పని పాఠం ఉంది, నేనేమో దాన్ని తప్పు అనుకున్నాను.

అందుకని నా సలహా ఇదీ: రెండూ ఒకేసారి మొదలుపెట్టు, కానీ ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఎడం పేజీలో నువ్వు ఫైలులో పెట్టిన కొలత, కుడి పేజీలో చేతికి వచ్చిన వస్తువు కొలత. తేడా వచ్చిన ప్రతి చోటా ఎందుకు వచ్చిందో రాసుకుని మళ్ళీ వెళ్ళి ఫైలు దిద్దు. పనివాళ్ళు చాలామంది డిజైనర్‌కి ఎదురు చెప్పరు, మర్యాదకి ఊరుకుని చేత్తో దిద్దేస్తారు. ఆ దిద్దుబాటు నువ్వు పట్టుకోకపోతే పది బొమ్మలు చేయించినా పదకొండోదానికి మళ్ళీ 6 మిల్లీమీటర్ల మెడే గీస్తావు.

మొదటి అభ్యాసం నేనిస్తాను. మీ అమ్మమ్మ బొమ్మల కొలువు పెట్టెలో లక్కపిడతలు ఉంటాయి, మీ అమ్మా నేనూ వాటి కోసం జుట్లు పట్టుకున్నాం, ఎర్ర మూత ఉన్న చిన్న కుండ నాది అని మీ అమ్మకి గుర్తు చెయ్యి. ఆ కుండ తీసుకుని కాలిపర్‌తో కొలువు. మూతి లోపలి కొలత, మూత కింద ఉన్న బొడిపె కొలత రెండూ తీసుకో. రెండూ సమానంగా ఉండవు, కొంచెం వదులు ఉంటుంది, ఆ వదులెంతో రాసుకో. నేను మొదట చేసిన బండి చక్రాలకి ఇరుసు 6, బెజ్జం 6 పెట్టాను, ఫైలులో చక్కగా సరిపోయింది. చేయిస్తే చక్రం ఎక్కనే లేదు, రాయి పెట్టి కొట్టి ఎక్కిస్తే తిరగలేదు. లక్క పూతకి కొంత మందం ఉంటుంది, పైగా వానాకాలం కర్ర ఉబ్బుతుంది. ఇప్పుడు చెక్క చక్రానికి అర మిల్లీమీటరుకి తక్కువ వదలను, ఒక్కోసారి ఒకటి కూడా వదులుతాను. ప్లాస్టిక్ ప్రింట్‌కి అంత అక్కర్లేదు, 0.2, 0.3 చాలు.

కొలిచాక ఆ కుండని బ్లెండర్‌లో చెయ్యి. గుండ్రటి ముక్క పెట్టి లాగీ పీకీ చెయ్యకు. కుండ ఆకారంలో సగం గీత మాత్రం గియ్యి, నడి గీత నుంచి అంచు దాకా, దానికి స్క్రూ మాడిఫయర్ పెట్టి చుట్టూ తిప్పు. లేత్ చేసేది కూడా అచ్చంగా ఇదే, అక్కడ గీత ఉలి గీస్తుంది, తిప్పడం మోటారు చేస్తుంది. వెనకటికి మోటార్లు లేనప్పుడు ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు చెక్కేవాళ్ళు. ఆ సగం గీతని అసలు సైజులో ప్రింట్ తీసి అట్టముక్క మీద అంటించి కత్తిరిస్తే, అదే నువ్వు పనివాళ్ళకి ఇవ్వాల్సిన డ్రాయింగ్. లేత్ ఆపి అట్ట ఆనించి చూసుకుంటారు. నీ ఫోటోలాంటి రెండర్‌తో వాళ్ళకి పనేమీ లేదు.

ఇప్పుడు నీ ఏనుగు దగ్గరికొద్దాం. అది లేత్ మీద పుట్టే ఏనుగు కాదు. వంపు తిరిగిన తొండం, పలచటి చెవులు, ఒకదానిలో ఒకటి కలిసిపోయిన కాళ్ళు, వీటిలో ఏదీ గుండ్రంగా తిరగదు. అలాంటిది కావాలంటే కొండపల్లి దారి పట్టాలి, అక్కడ తెల్లపొణికి కర్రని ఉలితో చెక్కుతారు, ఒళ్ళూ కాళ్ళూ తలా విడివిడిగా చేసి, చింతగింజల పిండిలో రంపంపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, అతుకు కనపడకుండా నున్నగా చేసి రంగు వేస్తారు. అంబారీ ఏనుగు చూశావుగా, దానికి ఎన్ని ముక్కలో ఈసారి లెక్కపెట్టు. ఏటికొప్పాక పద్ధతిలో కావాలంటే ఏనుగుని లేత్‌కి అర్థమయ్యేలా మళ్ళీ ఆలోచించాలి. ఒళ్ళు ఒక గుడ్డు, కాళ్ళు నాలుగు గుంజలు, తల ఒక బంతి. తొండానికి ఏం చేస్తావు? నేనైతే పెద్ద పూస నుంచి చిన్న పూస దాకా తగ్గించుకుంటూ దారానికి గుచ్చుతాను, బండి లాగుతుంటే తొండం ఊగుతుంది. ఇంకో మంచి ఉపాయం తడితే అది నీ డిజైన్ అవుతుంది.

పూసలు అన్నాను కాబట్టి ఇది కూడా రాసుకో. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలకి ఒక పరీక్ష ఉంది. 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం, దాని అడుగు ఏటవాలుగా ఉంటుంది, లోతు ఒక పక్క 25.4, ఇంకో పక్క 57.1. బొమ్మలోంచి ఊడొచ్చిన ముక్క ఏదైనా అందులో పూర్తిగా ఇమిడిపోతే అది పిల్లాడి గొంతుకి అడ్డం పడే సైజు అన్నమాట. ఆ గొట్టాన్ని నువ్వే బ్లెండర్‌లో చేసి కాలేజీ ప్రింటర్ మీద తీసి బల్ల మీద పెట్టుకో, ప్రింట్ ప్రాక్టీసూ అవుతుంది, బొమ్మకీ పనికొస్తుంది. నా పూసల తొండం అందులో ఇమిడిపోతుంది, దారం తెగితే ప్రమాదమే, అందుకే అది మూడేళ్ళు దాటినవాళ్ళకి మాత్రమే. ఇంకా చిన్నవాళ్ళకంటే తొండం వేరేగా ఆలోచించు. అలాగే 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. హస్తకళల శాఖలో నమోదైన కళాకారులకీ, జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. మీ హాస్టల్లో ప్రింట్ చేసి ఇన్‌స్టాలో అమ్మేస్తానంటే ఆ మినహాయింపు నీకు రాదు, అమ్మకం సంగతి చదువయ్యాక చూద్దాం.

ప్రింటర్ దగ్గర ఒక్క మాట. కర్రకి నార ఉన్నట్టే ప్రింట్‌కి పొరలు ఉంటాయి. మామూలు నాజిల్‌తో (కరిగిన ప్లాస్టిక్ కారే మొన) పొర 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది కదా, ఒకదాని మీద ఒకటి అంటుకున్న ఆ పొరల మధ్యే బొమ్మ విరుగుతుంది. నిలువుగా నిలబెట్టి తీసిన సన్నటి దంతం గోటితో మీటితే ఊడిపోతుంది, అదే పడుకోబెట్టి తీస్తే గట్టిగా ఉంటుంది. కర్రలో కూడా నార అడ్డంగా వెళ్తున్న చోట సన్నగా చెక్కితే పుటుక్కుమంటుంది. ఒకచోట నేర్చుకున్నది రెండోచోట పనికొస్తుందని అందుకే అంటున్నాను. మోడల్‌లో ఎక్కడా కన్నం ఉండకూడదు, నీళ్ళు పోస్తే కారని కుండలా ఉండాలి, నీ ఏనుగు కడుపులో రెండు చిల్లులున్నాయి, చూసుకో. ఇంకా అంచులన్నీ నున్నగా చేసే ఆ సబ్‌డివిజన్ మాడిఫయర్‌ని ప్రతిదానికీ తగిలించకు, అన్నీ అరిగిపోయిన సబ్బుబిళ్ళల్లా అవుతున్నాయి.

ఏటికొప్పాక వెళ్ళాలని ఉంది అన్నావు. వెళ్ళు. వైజాగ్ నుంచి ఎలమంచిలి దాటాక అడ్డరోడ్డులో దిగితే అక్కడినుంచి దగ్గరే, వరాహ నది ఒడ్డున ఊరు. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా కూర్చో. పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటి వాటితో లక్కకి రంగు ఎలా కలుపుతారో చూడు. ఈ సహజ రంగుల్ని మళ్ళీ నిలబెట్టినందుకే సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, ఆ బొమ్మలకి 2017లో జీఐ వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద కూడా అవే. నీ స్క్రీన్ మీద ఉన్న ఆ ఫ్లోరోసెంట్ గులాబీ రంగు అక్కడ అడగొద్దు.

వెళ్ళినప్పుడు ఫోన్ ఎత్తి వీడియో తీస్తూ లోపలికి నడవకు. మీలాంటి స్టూడెంట్లు ఏటా వచ్చి డాక్యుమెంటేషన్ అని ఫోటోలు తీసుకుని, ప్రాజెక్టులో మార్కులు తెచ్చుకుని మళ్ళీ కనపడరు, వాళ్ళకి అది అలవాటైపోయింది పాపం. నమూనా చేయిస్తే రోజు కూలి ముందే ఇవ్వు, బేరం ఆడకు. పోర్ట్‌ఫోలియోలో నీ పేరు పక్కన, వాళ్ళని అడిగి, చేసినవాళ్ళ పేరు కూడా పెట్టు.

బొమ్మ చేతికి వచ్చాక మీ ప్రొఫెసర్ కంటే ముందు మీ పక్కింటి బుడ్డోడికి ఇవ్వు, ఇచ్చి నోరు మూసుకుని కూర్చో. ఇలా లాగాలి, అలా తిప్పాలి అని చెప్పకు. నా బాతుని (లావు మెడదే) ఒక పిల్ల తలకిందులు చేసి పట్టుకుని అరగంట చక్రాలే తిప్పుతూ కూర్చుంది, లాగనే లేదు. చిన్నప్పుడు మేం చేసుకున్న తాటి బుర్రల బండి గుర్తొచ్చింది, రెండు బుర్రలు, మధ్యలో ఒక పుల్ల, తోయడానికి ఒక పంగలకర్ర, ఇంకేమీ ఉండదు, పొద్దు పోయేదాకా ఊరంతా తిరిగేవాళ్ళం. ఆ రోజు ఇంటికొచ్చి నా డ్రాయింగ్‌లోంచి రెక్కలూ తోకా తీసేశాను, చక్రాలు పెద్దవి చేశాను.

దసరా సెలవలకి ఇక్కడికి రా. ల్యాప్‌టాప్ సరే, కాలిపర్ మర్చిపోకు, ఆ ఎర్ర మూత కుండ కూడా తీసుకురా, మీ అమ్మ ఇవ్వనంటే నేను ఫోన్ చేసి మాట్లాడతాను. విరిగిన బాతు తల ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది, చూపిస్తాను.

మీ మావయ్య