పద్దెనిమిదేళ్ల తేడా ఉంటే పెళ్లి చెల్లదా?

ప్రశ్న: నా వయసు 52. భర్త ప్రభుత్వోద్యోగిగా ఉంటూ చనిపోయారు. కుటుంబ పింఛను వస్తోంది. ఆయన సొంతంగా కట్టిన ఇల్లు ఉంది, వీలునామా రాయలేదు. అత్తగారు అంతకుముందే పోయారు. నా జీతంతో కొన్న స్థలం నా పేరున ఉంది. నేను, 34 ఏళ్ల అవివాహితుడు ఒకరినొకరు ఇష్టపడి పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. ఇద్దరం హిందువులమే. ఈ పెళ్లి చెల్లదని, ముందు ఆస్తి మొత్తం తమకు రాయకపోతే అతనిపై కేసు పెడతామని నా ఇద్దరు కొడుకులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ పెళ్లి నిక్షేపంగా చెల్లుతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం వరుడికి 21, వధువుకు 18 ఏళ్లు నిండాలంటుంది. ఇద్దరిలో ఎవరు పెద్ద, ఎంత పెద్ద అన్న లెక్క అందులో ఎక్కడా లేదు. భర్తే పద్దెనిమిదేళ్లు పెద్దవాడైతే నోరెత్తని సమాజం మిమ్మల్ని మాత్రం దోషిలా నిలబెట్టడం అన్యాయం.

ఇద్దరు మేజర్లు ఇష్టపడి పెళ్లాడటం నేరం కాదు. కులాంతర, మతాంతర పెళ్లి చేసుకున్న మేజర్లను వేధించేవారిపై, బెదిరించేవారిపై సైతం పోలీసులు చర్య తీసుకోవాలని లతా సింగ్ అనే మహిళ కులాంతర వివాహ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే 30 రోజుల నోటీసు గడువు ఉంటుంది. ఆ సమయంలో మీ కొడుకులు అభ్యంతరం చెప్పినా, వారికి ఇష్టం లేదన్న కారణంతో పెళ్లి ఆగదు.

ఇక ఆస్తి. మీ భర్త ఇంట్లో మీకు, ఇద్దరు కొడుకులకు తలా మూడో వంతు వస్తుంది. మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన మీ వాటా పోదు. స్థలం పూర్తిగా మీదే. మీరు బతికుండగా అందులో కొడుకులకు హక్కు లేదు. అయితే వారి భయం పూర్తిగా అర్థం లేనిదని కూడా అనలేను. మీరు వీలునామా రాయకుండా కన్నుమూస్తే, హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం మీ ఆస్తి ఇద్దరు కొడుకులకు, కొత్త భర్తకు సమానంగా వెళుతుంది. మొదటి భర్త నుంచి వచ్చిన మూడో వంతు కూడా అందులో కలుస్తుంది. తండ్రి కట్టిన ఇంట్లో వేరొకరు వాటాదారు అవుతారన్నది బహుశా వాళ్ల అసలు బాధ.

దీనికి మందు వీలునామా. పెళ్లయ్యాక ఇంటి వాటా కొడుకులకు, స్థలం మీకు నచ్చినవారికి అని స్పష్టంగా రాయండి. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. స్టాంపు కాగితం అక్కరలేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. మనసు మారితే ఎప్పుడైనా తిరగరాయవచ్చు.

దానపత్రం మాత్రం కొడుకులకే కాదు, కాబోయే భర్తకూ ఇప్పుడు రాయవద్దు. రిజిస్టరయ్యాక దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని తిరిగి పొందేందుకు 2007 నాటి వయోవృద్ధుల చట్టం దారి చూపుతుంది కానీ, అది 60 ఏళ్లు నిండినవారికే. అతను నిజంగా మిమ్మల్నే కోరుకుంటే ఈ మాట విని నొచ్చుకోడు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. పునర్వివాహంతో మీ కుటుంబ పింఛను ఆగిపోతుంది. కేంద్ర నియమాల్లో సంతానం లేని వితంతువుకు మినహాయింపు ఉన్నా అది మీకు వర్తించదు. పెళ్లి సంగతి దాచి తీసుకున్న సొమ్మును తర్వాత వసూలు చేస్తారు కాబట్టి, పింఛను కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపండి. ఆ డబ్బు లేకుండా నెల గడుస్తుందో లేదో ముహూర్తానికి ముందే ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకోండి.