ముహూర్తం వేళ పంతులుగారి మాట వినపడాలంటే: పర్లాకిమిడి పెళ్లిళ్లలో చూసింది

మీరు అడిగింది ఇది: పర్లాకిమిడిలో ఇంటి ముందు వీధిలో షామియానా వేసి చెల్లెలి పెళ్లి చేస్తున్నారు. ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. పెళ్లికొడుకువాళ్లు బరంపురం నుంచి వస్తారు, వాళ్లలో సగం మంది ఒడియావాళ్లు. పంతులుగారి మాట అందరికీ వినపడాలి, వీడియోలోనూ రావాలి. ఎలాంటి మైక్‌సెట్టు మాట్లాడుకోవాలి?

మా చిన్నాన్నకు మైక్‌సెట్ల షాపు ఉంది. ఆయన వెంట ఇటు పాతపట్నం, అటు కాశీనగరం, రాయగడ దాకా చాలా పెళ్లిళ్లకు వెళ్లాను. అందరూ ముందు పెద్ద బాక్సుల గురించే అడుగుతారు. నేనైతే ముందు మైక్ గురించి మాట్లాడతాను. మైక్ నోటికి దగ్గరగా లేకపోతే ఎంత పెద్ద బాక్సు పెట్టినా అది గోలను పెద్దది చేస్తుంది తప్ప మంత్రాన్ని కాదు.

ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న కెమెరా మైక్‌కీ, పంతులుగారి గడ్డానికి జానెడు కింద ఉన్న కాలర్ మైక్‌కీ దాదాపు 20 డెసిబెల్స్ తేడా వస్తుంది. సన్నాయి, డోలు పక్కనే మోగుతుంటే మాట వినపడేదీ మునిగిపోయేదీ ఈ తేడాతోనే. కాబట్టి పంతులుగారి ఉత్తరీయానికి ఒక కాలర్ మైక్, పెళ్లికొడుకు కండువాకు ఇంకొకటి పెట్టించండి. పెళ్లికూతురికి వద్దు, హారాలు రాసుకుని గరగరమంటాయి. పెళ్లికొడుకు మైక్‌లోనే ఆమె మాట కూడా పడుతుంది. మైక్‌కు స్పాంజి తొడుగు తప్పనిసరి. వేసవి పెళ్లి అయితే పీటల పక్క పెట్టే పెద్ద ఫ్యాన్ గాలి మైక్‌కు తగిలి బుస్సుమంటుంది, ఫ్యాన్‌ను కొంచెం పక్కకు తిప్పించండి. మధుపర్కాలు కట్టుకోవడానికి లేచినప్పుడు పెళ్లికొడుకు మైక్ విప్పిన కండువాతోనే లోపలికి వెళ్లిపోతుంది. దాన్ని తీసి మళ్లీ పెట్టే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి.

ఇక మీ ముహూర్తం. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదు. కళ్యాణ మండపం లాంటి మూసి ఉన్న హాల్లో, లోపలివాళ్లకు వినపడేలా పెట్టుకోవడానికి మినహాయింపు ఉంది. వీధిలో షామియానాకు అది వర్తించదు. అందుకని రెండే దారులు. తంతు హాల్లో పెట్టుకోండి, లేదా 10 దాటాక బాక్సులు ఆపేసి మైకులను రికార్డింగుకు మాత్రమే ఉంచండి. నాకు రెండోదే నచ్చుతుంది. ఆ వేళకు భోజనాలు ముగించుకుని చాలామంది వెళ్లిపోతారు, మిగిలిన దగ్గరివాళ్ల కుర్చీలను పీటల చుట్టూ లాగితే పంతులుగారి గొంతే సరిపోతుంది.

హాల్లో అయితే రెండు చిన్న బాక్సులు మండపానికి ముందు, జనం వైపు తిప్పి, తల కన్నా ఎత్తున స్టాండ్ల మీద పెట్టాలి. మైకులు వాటి వెనక ఉండాలి, ఎదురుగా వస్తే కూస్తాయి. వెనక వరుసలకు ఇంకో జత పెడితే దాని వాల్యూమ్ తగ్గించండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే వెళ్తుంది కాబట్టి 17 మీటర్ల ఎడం ఉంటే ఒకే మాట రెండుసార్లు విన్నట్టుంటుంది.

మేళానికి మైక్ అక్కర్లేదు. గట్టిమేళం వేళ అవతల ఒడియా ఆడవాళ్ల హుళహుళి (నోటితో చేసే మంగళధ్వని), శంఖం కూడా తోడవుతాయి. వాటిని ఆపమనకండి, ఆ సందడి వీడియోలో ఉండాల్సిందే. మేళంవాళ్లను మండపానికి కాస్త ఎడంగా కూర్చోబెట్టి, కన్యాదానంలో ప్రవర చెప్పేటప్పుడు మాత్రం వాయించవద్దని ముందే చెప్పండి. ముత్తాత, తాత, తండ్రి పేర్లు వరసగా వచ్చేది అక్కడే. మా పెద్దవాళ్లు పెళ్లి వీడియోలో వెతుక్కునేది ఆ పేర్లనే. ఎవరి పేరు పలికినా ఇంట్లో ఒకళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి. నా దృష్టిలో ఇన్ని తిప్పలూ ఆ రెండు నిమిషాల కోసమే. ప్రవర అర్థాన్ని ఒక ముక్క తెలుగులో, ఒక ముక్క ఒడియాలో చెప్పమని పంతులుగారిని అడగండి. సరిహద్దు ఊళ్లలో రెండు భాషలూ వచ్చిన పంతుళ్లు దొరుకుతారు.

రికార్డింగ్ స్థాయి మామూలు మాటకు మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచమనండి, అప్పుడు గట్టిమేళానికి శబ్దం పగిలిపోదు. సేఫ్టీ ట్రాక్ (అదే శబ్దాన్ని తక్కువ స్థాయిలో ఇంకో కాపీగా రికార్డు చేసే సదుపాయం) ఉన్న మైకులైతే దాన్ని ఆన్ చేయించండి. మైకులన్నిటినీ కలిపే సౌండ్ మిక్సర్ నుంచి కెమెరాకు తీగ ఇస్తే కెమెరా ఇన్‌పుట్ లైన్‌లో ఉందో మైక్‌లో ఉందో చూడాలి. మిక్సర్ నుంచి వచ్చే బలమైన లైన్ సిగ్నల్ మైక్ ఇన్‌పుట్‌లోకి వెళితే అంతా బద్దలైనట్టే వినపడుతుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోగా మిక్సర్ ఆగిపోతుంది కాబట్టి, రికార్డింగ్ బ్యాటరీతో నడిచే పరికరంలోనే జరగాలి.

కాలర్ మైక్‌కు పంతులుగారు ఒప్పుకుంటారా అన్నారు. ముందురోజే కలిసి చూపించండి, పీటల మీద కూర్చున్నాక తగిలించబోతే ఎవరికైనా చిరాకే. రికార్డర్ ఆన్ చేశాక కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టించండి. ఎడిటింగ్ చేసే అబ్బాయి శబ్దాన్నీ బొమ్మనూ ఆ చప్పుడు దగ్గర కలుపుకుంటాడు.