న్యూరోసర్జన్ అయ్యాక పిల్లల కోసం మళ్లీ శిక్షణ ఎందుకు?

తిరుపతి స్విమ్స్‌లో న్యూరోసర్జరీలో మూడేళ్ల ఎం.సిహెచ్. (సూపర్ స్పెషాలిటీ కోర్సు) చేస్తున్న మీ తమ్ముడికి పిల్లల న్యూరోసర్జరీలో ఫెలోషిప్ (కోర్సు తర్వాత చేసే ప్రత్యేక శిక్షణ) కూడా అవసరమా అని అడిగారు. పిల్లలకే వైద్యం చేయాలనుకుంటే తప్పకుండా అవసరం. నెలలు నిండి పుట్టిన శిశువుకు కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తమే ఉంటుంది. 3 కిలోల బిడ్డ ఒంట్లో ఉన్నదంతా పావు లీటరుకు తక్కువే! పెద్దవారిలో లెక్కలోకి రానంత రక్తస్రావం అక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. తలలో నీరు చేరితే షంట్ (ఆ నీటిని సాధారణంగా పొట్టలోకి మళ్లించే సన్నని గొట్టం) వేయాలా, ఎండోస్కోపుతో మెదడులోనే నీటికి దారి చేయాలా అన్నది వయసును, కారణాన్ని బట్టి మారుతుంది. ఆరు నెలలలోపు పిల్లల్లో రెండో పద్ధతి విఫలమయ్యే అవకాశం ఎక్కువ. ఈ విచక్షణ అనుభవజ్ఞుల పక్కన నిలబడితేనే అబ్బుతుంది. ఫెలోషిప్ సాధారణంగా ఏడాది ఉంటుంది. చేరేముందు, స్వయంగా ఎన్ని ఆపరేషన్లు చేయనిస్తారో అక్కడ శిక్షణ పూర్తిచేసినవారిని అడగమనండి.