కైలాసగిరి మీద షూటింగ్

ప్రశ్న: మాది వైజాగ్‌లో లోకల్ ఛానెల్. పండగ ప్రోగ్రామ్ కైలాసగిరి మీద తీయాలి. కిందటిసారి యాంకర్ మాటలు గాలి హోరులో కలిసిపోయాయి, మొహం నల్లగా వచ్చింది. మళ్లీ అలా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు సార్?
– ఓ పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: బాబూ, ఆ కొండకు తూర్పున సముద్రం. పొద్దున్నే అటు కెమెరా పెడితే సూర్యుడు నేరుగా లెన్సులో పడతాడు, మొహం నల్లబడక ఏమవుతుంది? ఆ షాట్లు మధ్యాహ్నం 3 దాటాక పెట్టుకోండి. ఎండ పడమటి నుంచి మొహం మీద పడుతుంది, వెనక నీళ్లు నీలంగా వస్తాయి. శివపార్వతుల విగ్రహాలు తెల్లనివి, ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, ఆటోలో వదిలేయొద్దు. తెలుపులో మడతలు కనిపించేదాకా ఐరిస్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కన్నం, తగ్గించండి.

కాలర్ మైకుకు బొచ్చు తొడుగు వేయండి, ఉత్త స్పాంజి ఆ గాలికి ఆగదు. పవిట కింద దాచారా, జరీ రాపిడి వినిపిస్తుంది. అది గాలి కంటే దారుణం. టాయ్ ట్రైన్ వస్తుంటే మాట ఆపించి, ఆ చప్పుడు విడిగా రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో పనికొస్తుంది.

పార్కు వీఎంఆర్‌డీఏది, అంటే విశాఖ మెట్రోపాలిటన్ రీజియన్ డెవలప్‌మెంట్ అథారిటీది, అనుమతి ముందే తీసుకోండి. నేవీ ఉన్న ఊరు కాబట్టి డ్రోన్‌కు విడిగా అడగాలి. ఇంకొక్క మాట, పిల్లాపాపలతో కొండెక్కి వచ్చినవాళ్లను వ్యూపాయింట్ దగ్గర గంటలకొద్దీ ఆపేయకండి. మన యూనిట్ల వాళ్లు అలా చేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.