పాటిమన్ను చెప్పే చరిత్ర: జియాలజీ విద్యార్థినికి పురావస్తు రంగంలో దారి

ప్రశ్న: మాది నంద్యాల జిల్లాలో వ్యవసాయ కుటుంబం. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరంలో జియాలజీ చదువుతోంది. కళాశాల వాళ్లు జుర్రేరు లోయకు తీసుకెళ్లి చూపించినప్పటి నుంచి, మట్టి పొరలను బట్టి పూర్వకాలపు మనుషులు ఎక్కడ, ఎలా నివసించారో తెలుసుకునే చదువే చదువుతానంటోంది. ఇందుకోసం జియాలజీ వదిలి చరిత్రలోకి మారాలా? బీఈడీ చేయించి టీచరు ఉద్యోగానికి పంపుదామని మా ఆలోచన. ఈ చదువుతో బతుకుతెరువు దొరుకుతుందా?

జవాబు: జియాలజీ వదలనివ్వకండి. మీ అమ్మాయి కోరుకుంటున్న చదువును జియో ఆర్కియాలజీ అంటారు. పురాతన ఆవాసాల చుట్టూ పేరుకున్న మట్టిని, ఇసుకను, బూడిదను, ఒండ్రును పరిశీలించి, అందులో నీరు తెచ్చి వేసినదేది, గాలి మోసుకొచ్చినదేది, మనిషి వల్ల చేరినదేది అని విడదీసి చెప్పడమే దాని పని. మన దేశంలో చరిత్ర చదివి ఈ రంగంలోకి రావాలనుకునేవారు ఎక్కువ, మట్టిని శాస్త్రీయంగా పరీక్షించగలవారు తక్కువ. మీ అమ్మాయి ఇప్పటికే ఆ రెండో వైపున ఉంది కాబట్టి, అది వదిలేసి మొదటి వరుసలో చివర నిలబడవలసిన అవసరం ఆమెకు లేదు.

ఈ శాస్త్రం మీకు కొత్తగా అనిపించవచ్చు గాని, దాని మూలసూత్రం రైతుగా మీకు తెలిసినదే. మన పల్లెల్లో పాతకాలపు ఊరు పాడుబడిన చోటును పాటిదిబ్బ అంటారు; వేసవిలో అక్కడి పాటిమన్ను బండ్లకెత్తి పొలాలకు తోలించడం పెద్దల నాటి అలవాటు. ఆ మట్టి ఎరువుగా ఎందుకు పనిచేస్తుంది? తరతరాలుగా మనుషులూ పశువులూ ఉన్న చోట పొయ్యి బూడిద, పేడ, ఎముకలు, తిండి వ్యర్థాలు కుళ్లి మట్టిలో కలుస్తాయి. వాటితో చేరిన భాస్వరం నీటికి తేలికగా కొట్టుకుపోకుండా మట్టి రేణువులను పట్టుకుని వేల ఏళ్లు నిలిచి ఉంటుంది. పరిశోధకులు ఒక స్థలంలో అడుగడుగునా మట్టి నమూనాలు తీసి, భాస్వరం ఎక్కడ ఎక్కువగా ఉందో పటం మీద గుర్తించి, ఇళ్లు, పశువుల కొట్టాలు ఎక్కడ ఉండి ఉంటాయో అంచనా వేస్తారు. అంటే పంట ఏపుగా పెరగడాన్ని బట్టి మీ పెద్దలు గుర్తించిన విషయాన్నే ప్రయోగశాలలో అంకెల్లో కొలుస్తున్నారన్నమాట. ఆ దిబ్బలను ఇప్పుడు యంత్రాలతో ఒక్క రోజులో చదును చేస్తుంటే, వాటిని చదవగలిగిన వారు ఇంత కొద్దిమందే ఉండటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మీ అమ్మాయి చూసివచ్చిన జుర్రేరు లోయ సామాన్యమైన చోటు కాదు. సుమారు 74,000 ఏళ్ల క్రితం ఇండొనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద సముద్రం దాటి వచ్చి మన నేలమీద పడింది. ఆ లోయలోని జ్వాలాపురం గ్రామం దగ్గర ఆ బూడిద నీటి ప్రవాహంతో పల్లంలోకి చేరి, కొన్నిచోట్ల మనిషి ఎత్తును మించిన మందాన మేట వేసింది. స్థానికులు దానిని శుభ్రం చేసే పొడుల తయారీకి తవ్వి అమ్మడం వల్లనే ఆ పొరలు బయటికి స్పష్టంగా కనిపించాయి. పురావస్తు పరిశోధకులు రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా తదితరులు ఆ బూడిదకు కింది పొరలోనూ పై పొరలోనూ రాతి పనిముట్లను గుర్తించి, రెండింటి తయారీలో పోలిక ఉందని 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అంత పెద్ద ఉత్పాతం తరువాత కూడా ఇక్కడ మనుషుల జీవనం కొనసాగిందని వారి వాదం. ఆ పనిముట్లు చేసినవారు ఏ మానవజాతి వారన్న దానిపై పండితుల్లో చర్చ ఇంకా సాగుతోంది. ఈ చర్చంతా బూడిద పొర ఒకటి కచ్చితమైన గీతలాగా దొరకడం వల్లనే సాధ్యమైంది.

తెలంగాణలో మరో ఉదాహరణ ఉంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఇది ఆదిలాబాద్ వైపు ఉన్న ఉట్నూరు కాదు) పెద్ద బూడిద దిబ్బ ఉండేది. ఇలాంటి దిబ్బలు రాయలసీమలోనూ కర్ణాటకలోనూ చాలా ఉన్నాయి. హంపీ దగ్గరి నింబాపురంలో ఉన్నది వాలిని దహనం చేసిన బూడిదేనని జనం చెప్పుకుంటారు. ఇవి అగ్నిపర్వతపు బూడిద అనీ, లోహం కరిగించిన చిట్టెం అనీ, శవదహనాల గుర్తులనీ పండితులు రకరకాలుగా ఊహించారు. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను పొరపొరగా తవ్వించినప్పుడు, చుట్టూ కంచె కోసం పాతిన గుంజల గుంతలు, పొరల మీద పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. క్రీస్తు పూర్వం మూడో సహస్రాబ్ది నాటి పశువుల దొడ్డి అది. అందులో పేరుకున్న పేడను అప్పుడప్పుడు కాల్చగా ఏర్పడినదే ఆ బూడిద. వేల ఏళ్ల నాడు మెత్తటి పేడలో ఆవు మోపిన గిట్ట గుర్తును ఈనాడు చెదరగొట్టకుండా బయటపెట్టి గుర్తుపట్టగలగడానికి తవ్వినవారి ఓపికే కారణం. పలుగుతో గబగబా తవ్వి ఉంటే ఆ సాక్ష్యం తట్టలో మట్టిగా పోయేది.

ఈ పని ఎంత జాగ్రత్తగా చేయవలసినదో మీ పొలంలోనే చూడవచ్చు. కింది పొర పాతది, పై పొర కొత్తది అన్నది సాధారణ సూత్రం. కానీ నల్లరేగడి నేల ఎండాకాలంలో నెర్రెలిచ్చినప్పుడు పైన ఉన్న కుండపెంకు మోచేతి లోతుకు జారిపోతుంది, వానలకు నెర్రె పూడుకుపోతుంది, ఆ తరువాత తవ్వినవారికి ఆ పెంకు పాతకాలపు పొరలోనిదిగా కనిపిస్తుంది. చెదలు కింది మట్టిని పైకి తెస్తాయి, పందికొక్కుల బొరియల్లోకి పై మట్టి జారిపడుతుంది. ఇలాంటి కలగాపులగాన్ని పసిగట్టడానికి గోడలాగా చెక్కిన మట్టి నుంచి చిన్న రేకు పెట్టెతో ఒక దిమ్మను కదలకుండా తీసి, ఆరబెట్టి, రెసిన్ అనే గట్టిపడే జిగురు పోసి గట్టిపరచి, కోసి, మిల్లీమీటరులో ముప్ఫైమూడో వంతు మందానికి అరగదీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. అలికిన నేల ఎన్నిసార్లు అలికారో, దాని మీద ఎంత తొక్కుడు పడిందో ఆ పలుచని ముక్కలో కనిపిస్తుంది. రాళ్లను ఇదే పద్ధతిలో చూడటం మీ అమ్మాయి జియాలజీ ప్రయోగశాలలో నేర్చుకుంటూనే ఉంటుంది. చరిత్ర ఎంఏలో ఈ శిక్షణ దొరకదు.

ఇక చదువు సంగతి. డిగ్రీ పూర్తయ్యాక ఎంఎస్సీ జియాలజీ చేయడం మంచిదని నా అభిప్రాయం. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఆ విభాగాలున్నాయి. ఐఐటీల్లో చేరాలంటే ఎంఎస్సీ ప్రవేశాలకు పెట్టే జామ్ పరీక్షలో జియాలజీ పేపరు రాయాలి. ఎంఎస్సీలో అవక్షేప శాస్త్రం (నీరు, గాలి తెచ్చి వేసిన మేటల చదువు), క్వాటర్నరీ జియాలజీ (భూచరిత్రలో ఇటీవలి కాలపు పొరల చదువు), రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాల పరిశీలన) మీద దృష్టి పెట్టి, ప్రాజెక్టును నదీ మేటల మీదనో పురాతన ఆవాసాల పరిసరాల మీదనో ఎంచుకోవాలి. పురావస్తు శాస్త్రమే నేరుగా చదవాలని పట్టుదలగా ఉంటే, ఏ డిగ్రీ చేసినవారికైనా పుణెలోని డెక్కన్ కాలేజీలో ఎంఏ ఆర్కియాలజీ తలుపు తెరిచే ఉంటుంది. గ్రేటర్ నోయిడాలోని పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కియాలజీ రెండేళ్ల పీజీ డిప్లొమాకు పరీక్ష పెడుతుంది. సీట్లు చాలా తక్కువ, ప్రకటన వెలువడినప్పుడు జియాలజీ వారికి పెట్టిన నిబంధనలను శ్రద్ధగా చదవాలి. పరిశోధనకు వెళితే లక్నోలో పురాతన వృక్షజాలాన్ని పరిశోధించే బీర్బల్ సాహ్ని సంస్థ, మట్టి రేణువులు చివరిసారి వెలుగు చూసిన కాలాన్ని లెక్కగట్టే అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ, ఐఐటీ గాంధీనగర్ వంటి చోట్లు ఉన్నాయి.

బతుకుతెరువు గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. జియో ఆర్కియాలజిస్టు అన్న పేరుతో ప్రకటనలు వచ్చే ఉద్యోగాలు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ ఒక్క ఆశ మీదనే అమ్మాయి భవిష్యత్తును నిలబెట్టమని నేను చెప్పను. జియాలజీని వదలవద్దని అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ఎంఎస్సీ జియాలజీ చేతిలో ఉంటే యూపీఎస్సీ జియో సైంటిస్టు పరీక్ష ద్వారా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలోను, కేంద్ర భూగర్భ జల మండలిలోను ఉద్యోగాలకు పోటీ పడవచ్చు. ఇంజనీరింగ్, సైన్స్ పట్టభద్రుల జాతీయ పరీక్ష అయిన గేట్ రాస్తే ప్రభుత్వ రంగ సంస్థల వైపు మరో దారి ఉంటుంది. జాతీయ అర్హత పరీక్షలైన సీఎస్ఐఆర్ నెట్ భూ విజ్ఞాన శాస్త్రాల్లోనో యూజీసీ నెట్ ఆర్కియాలజీలోనో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే ఫెలోషిప్) వస్తే, 2023లో పెంచిన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, దానిపైన ఇంటి అద్దె భత్యం లభిస్తాయి. పీహెచ్‌డీ పూర్తయ్యే వరకు, అంటే ఇప్పటి నుంచి సుమారు పదేళ్ల పాటు, స్థిరమైన జీతం లేకపోవచ్చన్నది కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. బీఈడీ చెడ్డ ఆలోచన కాదు. అది ఎంఎస్సీ తరువాత కూడా చేయవచ్చు. ముందే చేయిస్తే మాత్రం ప్రయోగశాల అలవాటు తప్పిపోయి, తిరిగి రావడం కష్టమవుతుంది.

నిర్ణయానికి ముందు ఈ వేసవిలో ఒక పని చేయించండి. మీ చుట్టుపక్కల ఇప్పటికే తవ్వి ఉన్న బావి గోడనో కాలువ గట్టునో ఎంచుకుని, పడిపోకుండా దన్ను ఉన్న చోట నిలబడి, పై నుంచి కింది వరకు ఒక్కొక్క పొర మందం టేపుతో కొలిచి, రంగు, గరుసుతనం, సున్నపు గుళ్లు, పెంకులు, బొగ్గు ముక్కలు ఎక్కడున్నాయో గ్రాఫ్ కాగితం మీద గీయమనండి. కొత్తగా మాత్రం ఎక్కడా తవ్వనివ్వకండి, దొరికినదేదీ ఇంటికి తేనివ్వకండి. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం నేరం. ఎర్రటి ఎండలో ఒక పొర దగ్గర రెండు గంటలు నిలబడి, అది ఎలా వచ్చిందో అర్థం కాక మర్నాడు మళ్లీ వెళ్లి చూస్తానంటే, ఆ పటాన్ని తీసుకుని ఆమె జియాలజీ అధ్యాపకుడి దగ్గరకు మీరిద్దరూ కలిసి వెళ్లండి.