పొత్తు మాట్లాడే ముందు గుర్తు సంగతి తేల్చుకో

చిన్న పార్టీకి అధ్యక్షుడివైన నీకు ఆశీస్సులు.

పెద్ద పార్టీతో పొత్తు దాదాపు ఖాయమైందనీ, ఎన్ని మంత్రి పదవులు అడగాలో చెప్పమనీ రాశావు. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ తర్వాత మంత్రుల సంఖ్య శాసనసభ సభ్యుల సంఖ్యలో 15 శాతం దాటకూడదు కాబట్టి, వాళ్లు మనసారా ఇవ్వదలచినా ఇవ్వగలిగేది కొద్దే. ఆ లెక్క తర్వాత చూసుకోవచ్చు. ముందు తేలవలసింది మీవాళ్లు ఏ గుర్తు మీద పోటీ చేస్తారన్నది.

"రెండు సీట్లు ఎక్కువిస్తాం, మా గుర్తు మీద నిలబడండి" అని తప్పకుండా అంటారు. జనానికి తెలిసిన గుర్తయితే గెలుపు సులువని మీ పార్టీవాళ్లే నిన్ను ఒత్తిడి చేస్తారు. ఒప్పుకోకు. అలా గెలిచినవాడు ఫిరాయింపులను నిషేధించే రాజ్యాంగం పదో షెడ్యూలు ప్రకారం ఆ పార్టీ సభ్యుడే అవుతాడు, సభలో ఎలా ఓటేయాలో ఆ పార్టీ ఇచ్చే ఆదేశానికే (విప్‌కే) కట్టుబడాలి, రేపు నువ్వు పొత్తు తెంచుకుంటే సభ్యత్వం వదులుకోకుండా నీ వెంట రాలేడు. అతనికి పడిన ఓట్లూ వాళ్ల ఖాతాలోకే పోతాయి. శాసనసభ ఎన్నికల్లో 6 శాతం ఓట్లు, రెండు సీట్లు తెచ్చుకోవడం రాష్ట్ర పార్టీగా గుర్తింపు పొందే మార్గాల్లో ఒకటి. ఆ దారిని నీ చేతులతోనే మూసుకున్నట్టవుతుంది.

తమిళనాడులో విడుదలై చిరుతైగళ్ పార్టీని చూడు. 2019లో వాళ్ల ఇద్దరు ఎంపీల్లో ఒకరు డీఎంకే ఉదయసూర్యుడి గుర్తు మీద గెలిచారు. 2024లో ఇద్దరూ సొంతంగా కుండ గుర్తు మీదే నిలబడి గెలిచాక ఆ పార్టీకి రాష్ట్ర పార్టీగా గుర్తింపు వచ్చింది.

గుర్తింపు లేని పార్టీ తన అభ్యర్థులందరికీ ఒకే గుర్తు కోరాలంటే శాసనసభ స్థానాల్లో కనీసం 5 శాతం చోట్ల పోటీ చేయాలి. కాబట్టి సీట్ల బేరంలో ఎంత తగ్గినా ఆ అంకెకు దిగువకు రాకు. ఒకే గుర్తు దక్కినంత మాత్రాన నిశ్చింతగా ఉండవద్దు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో జనసేన పోటీ చేసిన 21 అసెంబ్లీ, 2 లోక్‌సభ స్థానాలనూ గెలిచినా, దాని గుర్తు గాజు గ్లాసు అప్పటికి ఏ పార్టీకీ ప్రత్యేకించని ఫ్రీ సింబల్ కావడంతో తాము బరిలో లేని కొన్ని చోట్ల అది స్వతంత్రులకు వెళ్లింది, వ్యవహారం హైకోర్టుదాకా నడిచింది. నీ గుర్తు వేరెవరికైనా దక్కే స్థానాల్లో కూటమి ఓటు చీలకుండా ఏం చేస్తారో పెద్ద పార్టీతో ఇప్పుడే మాట్లాడుకో.

ప్రభుత్వంలో చేరాక అలిగే ముందు మీరు లేకపోతే వాళ్ల బలం ఎంతో చూసుకో. 1999 ఏప్రిల్‌లో అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకున్నాక వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలింది. 2018లో ప్రత్యేక హోదా కోసం ఎన్డీయేను వీడిన టీడీపీ పెట్టిన అవిశ్వాసం 126–325తో వీగిపోయింది, బీజేపీకి లోక్‌సభలో తగినంత సొంత బలం ఉండటమే కారణం. కోరికల చిట్టా కాకుండా మీ ప్రాంతానికి కావలసిన ఒక్క పనిని గడువుతో సహా ఒప్పందంలో రాయించు.

ముసాయిదా రాగానే నాకు పంపు. సీట్ల పట్టికలో ప్రతి స్థానం ఎదురుగా గుర్తు పేరు లేకపోతే సంతకం ఆపు.