తిరుపతిలో ఉంటున్నాం. ఏడాదిన్నర బాబుకు మాటలు రాలేదు, ఉచిత థెరపీకి అర్హత ఎలా తేలుస్తారు?

తిరుపతిలోనే ఉంటున్నామన్నారు కాబట్టి ముందు మీ అంగన్‌వాడీ టీచర్‌కో, ఆశా కార్యకర్తకో చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. అనుమానం ఉంటే పిల్లల ఎదుగుదల సమస్యలకు ఉచితంగా థెరపీ ఇచ్చే సత్వర చికిత్సా కేంద్రానికి రాసిస్తారు. అప్పటిదాకా ఆగకుండా మీరే పిల్లల డాక్టర్‌కు చూపించడం ఇంకా మంచిది.

ఆ కేంద్రంలో పరీక్షలా కూర్చోబెట్టరు. వెనక నుంచి గిలక్కాయ ఊపితే తిరుగుతాడా, కావలసింది వేలితో చూపిస్తాడా, "అమ్మకివ్వు" అంటే బంతి ఇస్తాడా అని ఆడిస్తూ గమనిస్తారు. ఇంట్లో ఎలా ఉంటాడో మిమ్మల్నే అడుగుతారు, దాచకుండా చెప్పండి. మాటలు రాకపోతే వినికిడి పరీక్ష తప్పనిసరిగా చేయించండి. చప్పట్లకు తిరిగాడని వదిలేయొద్దు.

బాబు నెలలు నిండకుండా పుట్టాడా? రెండేళ్లు వచ్చేదాకా ఆ తగ్గిన వారాలు తీసేసి వయసు లెక్కగట్టాలి. తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జి కాగితాలు అందుకే తీసుకెళ్లండి.

చాలామంది టెన్షన్ పడేది వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ గురించి. అందులో 40 శాతం ఉండాలన్న లెక్క పెన్షన్ లాంటి వాటికి. థెరపీ మొదలుపెట్టడానికి ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే చాలు.

"వాళ్ల నాన్నకూ లేటుగానే మాటలొచ్చాయి" అని పెద్దవాళ్లు అన్నా, ఈ వారమే వెళ్లండి.